డబ్బా చప్పుడికి వచ్చే జింకలు

ధైద్, షార్జా
20 నవంబర్ 2004

ఫకీర్ మామకు షఫీ సలాములు.

పండగ బాగా జరిగిందని అమ్మ ఫోనులో చెప్పింది. మీకు ఫోనులో సరిగా వినపడదు. వినపడినట్టు ఊ కొట్టి, తర్వాత అత్తను అడిగి తెలుసుకుంటారు. అందుకని ఉత్తరమే మేలనుకున్నాను.

నా ఉద్యోగం మారింది. కారణం మీరే కాబట్టి ముందు మీకే చెబుతున్నాను. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా అర్బాబ్‌కి, అంటే యజమానికి, వేట సామాన్ల గోదాము ఉందనీ, అందులో నేను అట్టపెట్టెలు సర్దుతుంటాననీ మీకు తెలుసు. పోయిన నెల అర్బాబ్ స్వయంగా వచ్చి, మీలో జింకల సంగతి తెలిసినవాడు ఎవరైనా ఉన్నారా అని హిందీలో అడిగాడు. నా నోరు ఊరుకోలేదు. ఉదయగిరి కొండల్లో మా మేనమామ పేరు వింటే దుప్పులు దారి మార్చుకుంటాయని చెప్పాను. అర్బాబ్ ముదీర్ వైపు, అంటే మేనేజరు వైపు చూసి, ఖలాస్, ఇక అయిపోయింది అన్నాడు. మర్నాడే నన్నూ నా పెట్టెనూ పికప్‌లో వేసి ఈ తోటలో దింపారు.

ఇక్కడ బయట వేటాడకూడదని చట్టం. అందుకని అర్బాబ్ కాస్త ఎడారిని కంచె వేసి లోపలికి తెచ్చుకున్నాడు. అందులో నలభై జింకలు. మన మేకపోతంత ఉంటాయి, ఇసుక రంగు. రోజూ ఉదయం ఆరింటికి నేను రేకు డబ్బాలో బార్లీ గింజలు పోసుకుని గలగలలాడిస్తే అన్నీ పరుగెత్తుకొస్తాయి. అందరికంటే ముందు ఒక ముసలి మగది వస్తుంది. దాని ఎడమ చెవి చీలి ఉంటుంది. దానికి పెద్దమనిషి అని పేరు పెట్టాను. పిలవగానే మొదటి వరుసలో కూర్చుని, కడుపు నిండాక మన మొహం చూడకుండా లేచిపోయే రకం.

జనవరి నెలాఖరులో అర్బాబ్ అతిథులు వేటకు వస్తారట. దానికోసం గోదాములోంచి సామాను దిగింది. ఆకుల బొమ్మలున్న చొక్కాలు ఆరు జతలు. ఇక్కడ పది మైళ్ళ లోపల ఆ ఆకు మొలవదు. ఒంటి వాసన తెలియకుండా కొట్టుకునే సెంటు ఒకటి. ఆడలేడి ఉచ్చ నింపిన సీసా ఒకటి, అమెరికా సరుకు. మన ఊళ్ళో మేకల దొడ్డి ఉన్నవాడు ఎంత ఆస్తి ఒలకబోసుకుంటున్నాడో ఇప్పుడు తెలిసింది.

అసలు పని ఇది. బల్లమీద రెండు రైఫిళ్ళు ఉన్నాయి. ఒకటి త్రీ సెవెంటీ ఫైవ్. అడవిదున్నలకు వాడతారట, పేలిస్తే భుజం ఊడుతుంది. రెండోది టూ ఫార్టీ త్రీ, తేలిక. ఏది మంచిదో మీ మామను అడుగు అన్నాడు అర్బాబ్. ఆయన నిజంగానే అడిగాడు, నేను ఆట పట్టించడం లేదు. త్వరగా రాయండి.

అత్తకు సలాములు.

మీ మేనల్లుడు
షఫీ


ఉదయగిరి
4 డిసెంబర్ 2004

షఫీకి మామ దీవెనలు.

నీ ఉత్తరం మీ అత్త గుల్జార్ బేగం చదివింది. చదివి ఊరుకుంటే బాగుండేది. వీధి మలుపు దాకా వెళ్ళి, మా షఫీ దుబాయ్‌లో షేకులతో కలిసి వేటాడుతున్నాడని చెప్పి వచ్చింది. ఇప్పుడు లాగు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ కొలత ఇవ్వకుండా నీ వేట గురించే అడుగుతున్నాడు. నువ్వు జింకలకు వడ్డన చేస్తున్నావని నేను చెప్పలేదు. కుటుంబం పరువు అనేది ఒకటి ఉంది కదా.

చిన్న తుపాకీయే వాడమను. మల్లు గుడ్డను గోనెసూదితో కుట్టరు. మేకపోతంత జంతువును దున్నల తుపాకీతో కొడితే మిగిలేవి కొమ్ములూ గిట్టలూ. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. మదరాసు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అలాంటిదే తెచ్చి దుప్పిని కొట్టాడు. కూరకు పనికొచ్చే ముక్క కోసం అందరం చెట్ల కొమ్మల మీద వెతికాం.

ఇంకో మాట. తుపాకీ జంతువును ఆపడానికే. బిస్మిల్లా చెప్పి కత్తితో కోస్తేనే అది తిండి అవుతుంది. కాబట్టి పడ్డదాని దగ్గరికి ప్రాణం పోకముందే పరుగెత్తి చేరలేని దూరం నుంచి కాల్చకూడదు. నీ అర్బాబ్ అతిథులకు పరుగు వచ్చో లేదో కనుక్కో. రాకపోతే ఆ చొక్కాలేవో నువ్వే తొడుక్కో.

ఆ సీసా గురించి ఎక్కడా రాయకు. మీ అత్త ఉత్తరాలు పైకి చదువుతుంది.

ఇక ఎర సంగతి. నువ్వు అడగలేదు కానీ నేను చెప్పాలి. నా రోజుల్లో ఎర పెట్టి కొట్టినవాణ్ణి వేటగాడు అనేవాళ్ళు కాదు. తెల్లవారకముందే లేచి, గాలి ఎటు వీస్తుందో చూసి, అడుగు జాడ పట్టి కొండ ఎక్కి, అది మనల్ని చూసే అవకాశం దానికి ఇచ్చి, అప్పుడు కొట్టాలి. మేత చూపించి పిలిచి కొట్టడమంటే భోజనానికి రమ్మని గొంతు కోయడం. ఈ ముక్క నీ అర్బాబ్‌కి కూడా చెప్పు. ఉదయగిరి ఫకీర్ సాహెబ్ చెప్పాడని చెప్పు.

వచ్చేటప్పుడు ఒక బైనాక్యులర్ తీసుకురా. గోదాములో పాతది ఉంటే చాలు.

మీ మామ
ఫకీర్ సాహెబ్


ధైద్
18 డిసెంబర్ 2004

మామకు సలాములు.

మీ మాట మీద టూ ఫార్టీ త్రీ ఖాయమైంది. సూది, గోనెసూది సంగతి హిందీలో చెప్పాను. ముదీర్ అరబీలో చెప్పాడు. అర్బాబ్ పడీ పడీ నవ్వి నా వీపు తట్టాడు. మీరు ఇప్పుడు ధైద్‌లో పేరున్న మనిషి. పరుగెత్తి కోయడం గురించి మాత్రం ఒప్పుకోలేదు. మీట నొక్కేటప్పుడు బిస్మిల్లా అంటే సరిపోతుందన్నాడు. వాళ్ళ మౌల్వీలు వాళ్ళకుంటారు, నేను వాదించలేదు.

ఎర సంగతి కూడా చెప్పాను. దానికి నవ్వలేదు. మీ మామ కొండలు ఎక్కగలడు, నా అతిథులు మెట్లు కూడా ఎక్కలేరు అన్నాడు.

మామా, నేను ఒక విషయం ఆలస్యంగా కనిపెట్టాను. కంచె చివర చెక్కతో ఒక గది కట్టారు. లోపల ఏసీ, సోఫా, టీ కెటిల్, గోడకు ఒక కిటికీ. అది స్టోరు గది అనుకున్నాను. నేను వచ్చిన రోజు నుంచి మేత తొట్టిని రోజుకు పది అడుగులు జరపమని ముదీర్ చెబుతూ వచ్చాడు. ఎందుకని నేను అడగలేదు. ముదీర్ చెప్పినదానికి ఎందుకని అడిగితే ఇక్కడ ఎవరూ మెచ్చుకోరు. మొన్న వెనక్కి తిరిగి చూస్తే తొట్టి ఆ కిటికీకి ముప్పై గజాల్లో ఉంది. అంటే నేను జింకలకు వంటవాణ్ణి అనుకున్నాను కానీ, నేనే ఎర పెట్టేవాణ్ణి. యాభై రోజులుగా చాలా శ్రద్ధగా పెడుతున్నాను.

పెద్దమనిషి నిన్న నా చేతిలోంచి తిన్నాడు. మొదటిసారి. నాలుక గరుకుగా ఉంది.

మీరు ఎర లేకుండా ఎలా కొట్టేవారో కాస్త వివరంగా రాయండి. అర్బాబ్ మంచి మనసులో ఉన్నప్పుడు చెప్పి చూస్తాను. కనీసం తొట్టి వెనక్కి జరిపించగలనేమో. ఇంకొకటి కూడా అడగాలి. మీరు కొండకు వెళ్ళబోయే వారం ఇంట్లో కల్లుప్పు కుండ ఖాళీ అయ్యేదనీ, అమ్మమ్మ తిట్టేదనీ అమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ ఉప్పు ఎందుకు మామా?

మీ
షఫీ


ఉదయగిరి
2 జనవరి 2005

షఫీకి,

దుబాయ్ వెళ్ళి రెండేళ్ళయితే మేనమామను నిలదీసే చదువు వస్తుందని నాకు తెలియదు. ఉప్పు ఎందుకు మామా అని ఎంత అమాయకంగా అడిగావు. నీ వెటకారం నాకు అర్థం కాదనుకున్నావా? ఆ విద్య మన ఇంట్లో నీకు నేర్పిందే నేను.

మీ అమ్మకు చిన్నప్పటి నుంచి లేనిపోనివి గుర్తుంటాయి. అవసరమైనవి గుర్తుండవు.

వేట ఎలా చేయాలో ఉత్తరంలో రాస్తే వచ్చేది కాదు. నీ అర్బాబ్‌కి ఏం కావాలో అది చెయ్యి. డబ్బా ఆడించమంటే ఆడించు. జీతం ఇచ్చేవాడికి నీతులు చెప్పడానికి నిన్ను పంపలేదు. బైనాక్యులర్ అక్కర్లేదు.

ఫకీర్ సాహెబ్


ధైద్
16 జనవరి 2005

మామకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను అడిగింది అడిగినట్టే మామా. వేట మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టేవారేమో, ఇక్కడ ఫ్రిజ్ పాడైతే పనికొస్తుందనుకున్నాను. మన ఇంట్లో మామూలుగా ఒక ప్రశ్న అడిగితే తిట్టు లాగా వినపడుతుంది. ఆ దోషం నాది కాదు, మనందరిదీ. అయినా మీ మనసు నొప్పించినందుకు మన్నించండి. అత్త అమ్మకు చెప్పిందట, ఉత్తరం చదివిన రోజు మీరు అన్నం ముట్టలేదని.

ఈ కింద రాసేదాంట్లో వెటకారం లేదు. దయచేసి అలా చదవండి.

వేట జనవరి 27, గురువారం. వచ్చేది ఒక్క అతిథి, అర్బాబ్‌తో వ్యాపారం కుదుర్చుకోబోయే పెద్దమనిషి. నిజం పెద్దమనిషి, రెండు కాళ్ళవాడు. అతనికి పొడుగాటి కొమ్ములున్న తల కావాలట, గోడకు పెట్టుకోవడానికి. ముదీర్ వచ్చి మందంతా చూసి, చెవి చీలిన దాన్ని వేలితో చూపించి వెళ్ళాడు. ఆ రోజు నేను తొట్టి పక్కన నిలబడి డబ్బా ఆడించాలి. అది తల వంచి తింటున్నప్పుడు నేను రెండడుగులు వెనక్కి వేయాలి. అదే సైగ.

నేను చేయనంటే ఏమవుతుందని ముదీర్‌ను తేలికగా అడిగినట్టు అడిగాను. అతనూ తేలికగానే చెప్పాడు. నీ వీసా మీద స్పాన్సరుగా రాసి ఉన్న పేరు నాది కాదు, అర్బాబ్‌ది అన్నాడు. అంతకంటే అక్కర్లేదు కదా.

అది నా చేతిలోంచి తింటుంది మామా. నా చొక్కా అంచు పట్టుకుని లాగుతుంది. డబ్బా ఆడించనా వద్దా? మీరు ఏది చెబితే అది చేస్తాను. మీరు తప్ప మన వాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు లేరు.

మీ
షఫీ


ఉదయగిరి
28 జనవరి 2005, శుక్రవారం

నాయనా షఫీ,

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉంది. అంటే జరగవలసింది నిన్ననే జరిగిపోయింది. పోస్టువాణ్ణి తిడదామనుకున్నాను. అతనేం చేస్తాడు? నేను జనవరి రెండున కోపంతో రాసిన కాగితం మీద ఈ మాటలు రాసి ఉంటే నీకు అందేవి.

ఈసారి మీ అత్త చేత చదివించలేదు. కళ్ళజోడు పెట్టుకుని నేనే చదువుకున్నాను, నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సరిపెట్టుకో.

నేను జీవితంలో తుపాకీ పేల్చలేదు. మా కాలంలో ఊళ్ళో ఒక కాంట్రాక్టరు ఉండేవాడు. నెల్లూరు నుంచీ మదరాసు నుంచీ అతని అతిథులు జీపుల్లో వేటకు వచ్చేవాళ్ళు. నేను అతని ఇంట్లో దర్జీ పని చేసేవాణ్ణి. కొండ దారులు తెలుసు కాబట్టి నాకొక పని చెప్పాడు. అతిథులు వచ్చే ముందు పదిహేను రోజులు రోజూ సాయంత్రం కొండ కింద ఒక చదును బండ మీద కల్లుప్పు పోసి రావాలి. దుప్పులకు ఉప్పంటే ప్రాణం. మొదట భయపడతాయి, పదో రోజుకు మన వాసన కూడా ఉప్పులో భాగమనుకుంటాయి. ఆ రోజు నేను బండ పక్క పొదలో ఉండాలి. వాళ్ళు మంచె మీద ఉంటారు. పడ్డాక నేను పరుగెత్తి కోయాలి. ఆ పరుగు ఒక్కటే నేను నీకు చెప్పిన వాటిలో నిజం.

వాళ్ళు జీపులో వెళ్ళిపోయేవాళ్ళు. నేను మాంసం మూటతో ఊళ్ళోకి నడిచి వచ్చేవాణ్ణి. చేతిలో కత్తి, చొక్కా మీద నెత్తురు. ఫకీర్ వేటాడి వచ్చాడని వీధి అంది. కాదని నేను అనలేదు. అనకపోవడం కూడా కొన్నాళ్ళకు అలవాటైపోయింది. మీ అత్తను ఇచ్చిందే ఆ పేరు చూసి.

ఆఖరిసారి ఒక చూలు దుప్పి వచ్చింది. కడుపు కిందికి జారి ఉంది. ఉప్పు నాకుతూ తల ఎత్తి నా పొద వైపు చూసింది. పదిహేను రోజులుగా నన్ను చూస్తున్నదే కదా. నేను దగ్గితే చాలు, పారిపోయేది. దగ్గు గొంతు దాకా వచ్చింది కూడా. ఆపుకున్నాను. కాంట్రాక్టరు ఏమంటాడోనని ఆపుకున్నాను. ఆ తర్వాత కోసింది నేనే, లోపల ఉన్నదాన్ని చూసిందీ నేనే. మర్నాడు జ్వరమని అబద్ధం చెప్పి ఆ పని మానేశాను. తర్వాత చట్టం వచ్చింది, చట్టం వల్ల మానేశానని ఊళ్ళో చెప్పుకున్నాను.

ఎర గురించి నీకు అంత గొప్పగా రాసిందంతా మంచె మీద అతిథులు తాగి ఒకరితో ఒకరు చెప్పుకున్న మాటలే. కింద నా ఉప్పు ఉండగా చెప్పుకున్నారు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆడించవద్దు. దగ్గు నాయనా, గట్టిగా దగ్గు. పంపించేస్తే ఇంటికి రా. నా మిషను పక్కన ఇంకో మిషనుకు చోటుంది.

ఇది నీకు ఆలస్యంగా చేరుతుందని తెలిసి కూడా రాస్తున్నాను.

మీ మామ


ధైద్
29 జనవరి 2005

మామకు సలాములు.

మీ జవాబు రాలేదు. కోపం తగ్గలేదనుకున్నాను. పోయిన ఉత్తరంలో డబ్బా ఆడించమంటే ఆడించు అని రాశారు కదా, అదే మీ మాటగా తీసుకున్నాను.

ఆడించాను.

అతిథి తొమ్మిదింటికి వచ్చాడు. ఆకుల చొక్కా వేసుకుని, వాసన తెలియని సెంటు కొట్టుకుని, ఏసీ గదిలో కిటికీ దగ్గర సోఫాలో కూర్చున్నాడు. నాలుగు గోడల మధ్య ఉన్నవాడికి ఆ సెంటు ఎందుకో అతన్నే అడగాలి. గురిచూసే దుర్భిణి తలకాయంత ఉంది. నేను డబ్బా ఆడించాను. పెద్దమనిషి అందరికంటే ముందు వచ్చాడు. తల వంచాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అతిథి ముప్పై గజాల నుంచి, మీరు ఎంచిన మంచి రైఫిల్‌తో, తొడ మీద కొట్టాడు.

అది పడలేదు. కుంటుకుంటూ నా వైపు వచ్చింది మామా. మందంతా కంచె వైపు పారిపోయింది, అదొక్కటే నా వైపు వచ్చింది. గదిలోంచి ఎవరూ కదల్లేదు, రెండో తూటా కోసం వెతుక్కుంటున్నారు. నా దగ్గర బస్తాలు కోసే కత్తి ఉంది. పట్టుకుని, పడుకోబెట్టి, బిస్మిల్లా చెప్పి కోశాను. మీ మాట ఒక్కటి దక్కించాను.

మెడ పాడుచేశానని అతిథి అలిగాడు. గోడకు పెట్టుకునే తలకు మెడ కూడా కావాలట. అర్బాబ్ మాత్రం అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, ఇతను షికారీల వంశం, రక్తంలోనే ఉంది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

నాకు రెండు రోజులుగా అన్నం దగ్గర చేతుల వాసన వస్తోంది. ఇంతకంటే రాయలేను.

షఫీ


ధైద్
24 ఫిబ్రవరి 2005

మామకు,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. మీది చేరాక పది రోజులు ఏమీ రాయలేకపోయాను. మొదట మీ మీద కోపం వచ్చింది. ఆ ఉప్పు సంగతి ఒక్క నెల ముందు చెప్పి ఉంటే నేను దగ్గేవాణ్ణేమో అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, చెప్పినా దగ్గేవాణ్ణి కాదేమో. నిజం మీకూ నాకూ తెలుసు, అందుకని వాదన వద్దు. అమ్మకు చెప్పలేదు. అత్తకు మీరే చెప్పుకోండి, చెప్పకపోయినా నేను అడగను.

ఆ వేట తర్వాత రెండు రోజులు డబ్బా ఆడిస్తే ఒక్కటీ రాలేదు. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. బుద్ధి వచ్చింది వీటికి అనుకున్నాను. మూడో రోజు వచ్చేశాయి. కంచె లోపల ఇంకేం మొలుస్తుంది గనుక?

మీ ఉత్తరం వచ్చాక అర్బాబ్ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేశాను. నేను షికారీని కాను, మా మామ కూడా కాదు, ఆయన ఉప్పు పోసేవాడు, నన్ను గోదాముకు పంపించండి అన్నాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన టీ తాగుతూ తాపీగా చెప్పాడు.

"షికారీలు నా ఇంటి నిండా ఉన్నారు షఫీ. నాకు కావలసింది నువ్వూ మీ మామే."

అయినా మనిషి చెడ్డవాడు కాదు, గోదాముకు పంపుతానన్నాడు. కాకపోతే బదులు మనిషి రావాలి, జింకలు అతని దగ్గరికి రావడం మొదలయ్యాక నువ్వు వెళ్ళు అన్నాడు. మార్చి నెలాఖరుకు ఇంకో అతిథి వస్తున్నాడట.

ఆదిశేషు అనే ఆయన వచ్చాడు. కావలి మనిషి, నలభై ఏళ్ళు దాటాయి, ఇద్దరు ఆడపిల్లలు. జెబెల్ అలీలో ఎండలో ఇనుప చువ్వలు మోసి మోసి వచ్చాడు. ఇక్కడ నీడ చూసి, జింకల్ని చూసి, నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఇంత మంచి పని నాకు వదిలేస్తున్నారా అన్నాడు. నేను చెక్క గది కిటికీ చూపించి సంగతంతా చెప్పాను. ఆయన అటు చూసి, ఇనుము కంటే నయమే కదన్నా అన్నాడు.

మొదట నాలుగు రోజులు ఆయన ఆడిస్తే ఒక్కటీ కదల్లేదు. దూరంగా నిలబడి నా వైపు చూసేవి. ఆ నాలుగు రోజుల్లో నేను ఊరుకుంటే సరిపోయేది మామా. ఆయన్ను వెనక్కి పంపేవాళ్ళు, నేను ఇక్కడే ఉండేవాణ్ణి. మళ్ళీ డబ్బా నా చేతికే వచ్చేది. అందుకని నా చొక్కా విప్పి ఆయనకు తొడిగాను. డబ్బా ఎంత ఎత్తున పట్టుకోవాలో, ఎన్నిసార్లు ఆడించి ఆపాలో, చెయ్యి ఎలా చాపితే బెదరవో, అన్నీ దగ్గరుండి నేర్పాను. నాకు తెలిసినదంతా నేర్పాను.

నిన్న ఉదయం ఆయన చేతిలోంచి తిన్నాయి. నేను శనివారం షార్జా వెళ్తున్నాను.

షఫీ